బుధవారం మూకుడు

గోదావరి జిల్లాల్లో వంటల గొప్పతనం మీదికి మాట మళ్లిందంటే అది పులస దగ్గరికో, పూతరేకుల దగ్గరికో, తాపేశ్వరం కాజా దగ్గరికో పోయి ఆగుతుంది. వరద నీటికి ఎదురీదొచ్చిన పులసని మట్టిదాకలో సన్నసెగ మీద పెట్టి, ఆ పూట ముట్టకుండా మర్నాటి దాకా ఆగి తినే తీరిక గురించి చెప్పమంటే మనవాళ్లు రాత్రంతా చెబుతారు. సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఎనిమిదింటికల్లా నలుగురి కంచాలు నింపే మనిషి చేతి పనితనం గురించి చెప్పమనండి. "ఏదో వండి పెట్టిందిలే" అంటారు. ఆ ఏదో ఒకటి ఎలా వండారన్నదే నాకు ఆసక్తి. యానాంలో మా తమ్ముడి భార్య బుధవారం రాత్రిళ్లు చేసే కోడి మాకరోనీ, దాని పక్కన పెట్టే పండు, నేను చూసిన వంటల్లో బాగా ఆలోచించి కట్టిన వాటిలో ఒకటి.

బుధవారమే ఎందుకో తెలుగు పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం సాయిబాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది. ఆదివారం కోడికూరకి ఎలాగూ రాసిపెట్టి ఉంది. ఇంట్లో పెద్దలు పాటించేవన్నీ తీసేస్తే వారం మధ్యలో కోడికి మిగిలేది ఆ ఒక్క రోజే. ఆ రోజు ఎవరూ సెలవులో ఉండరు, పిల్లల హోంవర్కు ఉంటుంది, మర్నాడు పొద్దున్నే మళ్లీ పరుగు. చేపలు వండొచ్చుగా అంటారా? గోదారి ఒడ్డున ఉంటూ ఆ మాట అనడం తేలికే. చేప పొద్దున కొనాలి, పొద్దునే బాగుచేయించాలి, సాయంత్రం దాకా దాచి వండితే ఈ ఊళ్లో మొహం మీదే చెప్పేస్తారు బాగోలేదని. కోడికి ఆ పట్టింపు తక్కువ.

మాకరోనీ అనగానే, యానాం కదా, ఫ్రెంచివాళ్లు వదిలిపోయిందేమో అనుకునేవాళ్లు ఉంటారు. 1723లో ఇక్కడ కొట్టు పెట్టుకున్న ఫ్రెంచివాళ్లు 1954 జూన్ 13న ఊరు చేజారే దాకా ఉన్నారు, కాగితాల మీద అప్పగింత 1962లో పూర్తయింది. గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల నేల ఇవాళ్టికీ పుదుచ్చేరి లెక్కలోనే ఉంది. అంత చరిత్ర పక్కనే పెట్టుకుని కథ అల్లుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మా మరదలి వంటింట్లోకి మాకరోనీ వచ్చిన దారి అది కాదు. ఓడ మీద రాలేదు, కిరాణా కొట్టు అరలోంచి వచ్చింది. 1980లలో హైదరాబాదులో మొదలైన బాంబినో కంపెనీ సేమ్యా మన ఇళ్లలో పాయసానికీ ఉప్మాకీ అలవాటయ్యాక, అదే అరలో సేమ్యా పక్కన మాకరోనీ కూడా చేరింది. పిల్లలు అడిగారు, తల్లులు కొన్నారు. చాలా ఇళ్లలో ఇంతకన్నా పెద్ద కథేమీ ఉండదు.

పిండిని సన్నగా చేసి ఉడికించుకునే విద్య మనకి కొత్తేమీ కాదు. వినాయక చవితికి గోదావరి ఇళ్లలో పాలతాలికలు చేస్తారు. అరచేతుల మధ్య పిండి నలిపి తీగలు తీస్తారు, ఓపిక లేనివాళ్లు జంతికల గొట్టంలో వేసి నొక్కుతారు. అందులో ఉన్న కిటుకు చూడండి. బియ్యప్పిండికి సాగే గుణం లేదు. చన్నీళ్లతో కలిపి నొక్కితే ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. అందుకే ముందు నీళ్లు మరిగించి అందులో పిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, చెయ్యి కాలుతుండగానే మర్దిస్తారు. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురవుతుంది, ఆ జిగురే తాలికని పట్టి ఉంచుతుంది. గోధుమ రవ్వకి ఆ తిప్పలు లేవు. నీళ్లు తగిలి పిసికితే చాలు, అందులోని మాంసకృత్తులు వలలా అల్లుకుని సాగుతాయి. మంచి పాస్తాకి వాడే డ్యూరమ్ గోధుమలో ఆ వల గట్టిది. ఉడికినా తెగదు, లోపలి గంజిని ఒక్కసారిగా వదిలెయ్యదు. మన బజార్లో దొరికే బన్సీ రవ్వ కూడా ఆ జాతి గోధుమ నుంచి వచ్చేదే. ప్యాకెట్టు వెనక డ్యూరమ్ అని రాసుంటే కొనండి, మైదా అని ఉంటే ఈ వంటకి వద్దు, మూకుడులో అది జావైపోతుంది.

పాలతాలికలు వండిన చెయ్యి ఇంకో సంగతి కూడా నేర్చుకుని ఉంటుంది. మిగిలిన పిండిలో కాసిని నీళ్లు కలిపి పాలల్లో పోస్తే పాయసం చిక్కబడుతుంది. బెల్లం మాత్రం దించి చల్లార్చాకే వెయ్యాలి, లేకపోతే పాలు విరుగుతాయి. ఈ రెండు సంగతులూ కాసేపట్లో మళ్లీ అవసరపడతాయి.

ఇక మూకుడు దగ్గరికి వద్దాం. నలుగురికి 300 గ్రాముల మాకరోనీ, అరకిలో కోడి. ఆ అరకిలో తొడ మాంసమే కావాలి. కొట్లో ఉత్త బోన్‌లెస్ అంటే రొమ్ము ముక్క కోసిస్తారు, లెగ్ బోన్‌లెస్ అని అడగాలి. ఆరు వారాల బ్రాయిలర్ రొమ్ములో కొవ్వు ఉండదు, కాస్త ఎక్కువ ఉడికిందంటే పీచుపీచుగా ఎండిపోతుంది. తొడలో కొవ్వూ ఉంది, కండని పట్టి ఉంచే జిగురు పొరా ఉంది. రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా ముక్క మెత్తగానే ఉంటుంది. హోంవర్కులో లెక్క రాలేదని పిల్లాడు మధ్యలో పిలిచే ఇంట్లో ఈ వెసులుబాటు చిన్నదేం కాదు. ఏ ముక్క కొనాలన్న దగ్గరే సగం వంట తేలిపోయింది.

పొద్దున ఆఫీసుకి వెళ్లేముందే ఆ ముక్కలకి ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి ఫ్రిజ్‌లో పెడుతుంది. పెరుగు వెయ్యదు. మొదట్లో నాకు అది లోటుగా తోచింది, మన ఇళ్లలో పెరుగు లేకుండా కోడిని నానబెట్టేదెవరు? మూకుడులో ముక్క పడ్డాక తెలిసింది ఎందుకో. ముక్క ఎర్రగా వేగాలంటే పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. తడి ఉన్నంతసేపూ నీళ్లు మరిగే 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పెరుగు తడి, మూకుడు నిండా కుక్కిన ముక్కలు వదిలే నీళ్లు, రెండూ ఆ ఎరుపుకి శత్రువులే. అందుకే ఉత్త ఉప్పు. సాయంత్రానికి అది కండలోకి ఇంకి ఉంటుంది, పైన ఊరిన చెమ్మని గుడ్డతో అద్దేస్తుంది.

ఆ గుడ్డ అద్దడం దగ్గర్నుంచి చూడాలి. ముక్కని తిప్పి రెండో వైపూ అద్ది, అప్పుడు నూనెలో వదులుతుంది. ఒక వాయికి సగం ముక్కలే. వదిలాక గరిటె పక్కన పెట్టేస్తుంది. మన చేతికి గరిటె ఉంటే తిప్పకుండా ఉండదు కదా. తిప్పితే ముక్కకి అంటుకోబోయే ఎరుపు మూకుడుకే అంటుకుని ముక్క పాలిపోతుంది. మూడు నిమిషాలు ఆ చెయ్యి ఊరుకోవడం నాకు ఆ వంట మొత్తంలో కష్టమైన పనిలా కనిపించింది. ఆవిడ ఊరుకోలేదు లెండి, ఆ మూడు నిమిషాల్లో ఉల్లిపాయ తరిగేసింది. ముక్క కింద ఎర్రబడితే తనంతట తనే మూకుడుని వదిలేస్తుంది. అప్పుడు ఒకసారి తిప్పి, ఇంకో నిమిషం ఉంచి, పళ్లెంలోకి తీసేస్తుంది. లోపల ఇంకా పూర్తిగా ఉడకదు. ఉడకక్కర్లేదు కూడా, ఆ సంగతి చివర్లో చూసుకుంటుంది.

మూకుడు అడుగున ఇప్పుడు గోధుమరంగు పూత ఒకటి మిగులుతుంది. చాలామంది దాన్ని మాడు అనుకుని మూకుడు మార్చేస్తారు. మాడితే నల్లగా ఉండి చేదెక్కుతుంది, ఇది వేరు. ఉల్లిపాయ, వెల్లుల్లి, రెండు పచ్చిమిర్చి, కరివేపాకు అందులోనే వేసి, ఉల్లి నీళ్లు వదిలాక గరిటె అంచుతో ఆ పూతంతా గీకుతుంది. తర్వాత నాలుగు టమాటాలు. పులుపుకి మిగిలిన పూత కూడా ఊడొస్తుంది. గరం మసాలా వెయ్యదు, ధనియాల పొడి ఒక చెంచా వేసి ఊరుకుంటుంది. ఆ పూతే ఇక్కడ మసాలా. మూకుడు మారిస్తే గంట కష్టపడ్డా రాని రుచి అది. పైగా తోమడానికి ఒక గిన్నె తగ్గింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది దీని తర్వాతి అడుగు. పాస్తా అంటే పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, ఉడికించి, వార్చి, వేరే చోట కూర చేసి కలపాలని పుస్తకాలు చెబుతాయి. 100 గ్రాములకి లీటరు నీళ్లు అన్నది వాళ్ల పాత లెక్క. ఈ లెక్కన 300 గ్రాములకి మూడు లీటర్లు మరగాలి. గ్యాసూ పోయె, పావుగంటా పోయె, ఆ వార్చిన నీళ్లతో గంజీ పోయె. అంత నీళ్లు నిజంగా కావాలా అని వంటల వెనక సైన్సు రాసే అమెరికన్ రచయిత హెరాల్డ్ మెగీ 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో ప్రశ్నించాడు, తక్కువ నీళ్లతోనూ ఉడికించి చూపించాడు. మా మరదలు ఆయన్ని చదవలేదు. గంజి పారబొయ్యడం ఇష్టం లేని ఇంట్లో పెరిగింది, అంతే.

మాకరోనీని నీళ్లు లేకుండానే మూకుడులో పోసి ఉల్లి టమాటాల మధ్య ఒక నిమిషం వేయిస్తుంది. సేమ్యా ఉప్మాకి ముందు సేమ్యా వేయించే అలవాటే ఇది. పైపొర కాస్త బిగిసి, ముక్కలు ఒకదానికొకటి అతుక్కోవడం తగ్గుతుంది. తర్వాత కెటిల్‌లో కాగిన వేడినీళ్లు, 250 మిల్లీలీటర్ల గ్లాసుతో మూడు. ఇక్కడ మాత్రం ఆవిడ కొలుస్తుంది. కూరల్లో ఉప్పు కూడా చేతివాటంగానే వేసే మనిషి నీళ్లకి గ్లాసు పట్టుకోవడం చూసి అదేమిటని అడిగాను. "కూరైతే నీళ్లెక్కువైనా ఇగరబెట్టుకోవచ్చండి బావగారూ. ఇది ఇగిరేలోగా మెత్తబడిపోద్ది" అంది.

ఆ జవాబులో వంటంతా ఉంది. కూరలో నీళ్లకి తొందర లేదు, ముక్క కాచుకుని ఉంటుంది. మాకరోనీ కాచుకుని ఉండదు. నీళ్లు ఇగిరే సమయమూ గొట్టం ఉడికే సమయమూ ఒకే నిమిషానికి కలవాలి. వెడల్పు మూకుడు వాడడం దానికే, లోతు గిన్నెలో ఆవిరి తొందరగా పోదు. మొదటి రెండు నిమిషాలు మూత లేకుండా అడుగు కదుపుతూ ఉంటుంది, పైన ఊడే గంజి అప్పుడే అంటుకుంటుంది కాబట్టి. ఆ తర్వాత నాలుగు నిమిషాలు మూత. మళ్లీ మూత తీస్తుంది. మాకరోనీ గొట్టంలా ఉండడంలోని తెలివి ఇక్కడ బయటపడుతుంది. లోపలా బయటా నీళ్లు తగులుతాయి గనక పల్చటి గోడ రెండు వైపుల నుంచీ ఉడుకుతుంది. అంత లావు పిండిముద్ద అయితే పైన చిదికిపోయి లోపల పచ్చిగా ఉండేది. గొట్టంలో కూడా రసం నిలబడుతుంది. పైన గీతలున్న రకమైతే ఇంకా మంచిది.

పదో నిమిషం దగ్గర గరిటెతో ఒకటి తీసి గోటితో తెంపి చూస్తుంది. గొట్టం గోడ మధ్యలో సన్నటి తెల్లగీత ఇంకా కనబడుతూ ఉండాలి. అది నీళ్లు ఇంకా చేరని రవ్వ. ఆ గీత ఉండగానే కోడి ముక్కల్ని, పళ్లెంలో ఊరిన రసంతో సహా, మూకుడులోకి దింపుతుంది. రెండు నిమిషాల్లో ముక్క లోపలి దాకా ఉడికిపోతుంది, ఎరుపు చెదరదు. మొదటి నుంచీ వేసి ఉడికిస్తే ఆ వేపుడు శ్రమంతా నీళ్లపాలయ్యేది. ఒక పెద్ద ముక్క కోసి లోపల గులాబీ రంగు పోయిందో లేదో చూసి, అప్పుడు పొయ్యి ఆపుతుంది.

ఆపేటప్పటికి మూకుడులో రసం ఇంకా పల్చగానే కనిపిస్తుంది. కొత్తవాళ్లకి ఇంకో నిమిషం ఉంచాలనిపించేది ఇక్కడే. ఆవిడ ఉంచదు. అరగ్లాసు చిక్కటి కొబ్బరిపాలు పోసి, మూతపెట్టి, పిల్లల్ని చేతులు కడుక్కోమని కేకేస్తుంది. కోనసీమ పక్కనే ఉన్న ఊరు గనక క్రీము డబ్బా గుర్తురాదు, ఇంట్లో కొబ్బరికాయ ఎప్పుడూ ఉంటుంది. కొబ్బరిపాలు సలసలా మరిగితే విరిగి నూనె పైకి తేలుతుంది. దించాక పోస్తే ఆ భయం లేదు, బెల్లం విషయంలో తాలికలు నేర్పిన పాఠమే. చిక్కదనం మాట కూడా అంతే. మాకరోనీ వదిలిన గంజి ఆ రసంలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. మూత కింద మూడు నాలుగు నిమిషాల్లో అది చల్లబడుతూ చిక్కబడుతుంది, ఆ తెల్లగీత మిగిలిన నీటిని పీల్చుకుని మాయమవుతుంది. మూత తీసేసరికి ప్రతి గొట్టానికీ రసం పట్టుకుని ఉంటుంది, కంచంలో నీళ్లు ఊరవు. మిరియాలు, కరివేపాకు, కొబ్బరి కలిసిన వాసన. తిన్నవాడికి ఇది విదేశీ తిండి అనిపించదు, మన కూరలాగానూ ఉండదు.

పండు సంగతి పొద్దునే మొదలవుతుంది. వేసవి చివర అయితే మామిడికాయల్ని నీళ్లలో వేసి వెళుతుంది, సొన వదలడానికి. రెండు రకాలు తెస్తుంది. దోరగా ఉన్న కొత్తపల్లి కొబ్బరి ఒకటి, పండిన రసాలు నాలుగు. కొత్తపల్లి కొబ్బరి ఆవకాయకి పేరున్న కాయ. దోరగా ఉన్నప్పుడు కరకరలాడుతుంది, పులుపు ఉంటుంది కానీ పళ్లు జివ్వుమనవు. దాన్ని పుల్లల్లా సన్నగా కోసి పక్కన పెడుతుంది, ఉప్పూ కారం మాత్రం కంచంలో వడ్డించాకే చల్లుతుంది. ముందే చల్లితే ఉప్పు నీళ్లు లాగేసి కాయ మెత్తబడుతుంది. కొబ్బరిపాలతో బరువెక్కిన మాకరోనీ నాలుగు ముద్దలు తిన్నాక నాలుక మొద్దుబారుతుంది కదా, ఒక మామిడి పుల్ల కొరికితే మళ్లీ మొదటి ముద్ద రుచి వస్తుంది. మధ్యలో ఒకటి, మధ్యలో ఒకటి. ఇది ఊరగాయ చేసే పనే, నూనె లేకుండా.

రసాలది వేరే పని. వాటికి కత్తి అక్కర్లేదు. చేత్తో నలిపి, తొడిమ తీసి, పిల్లల చేతికిచ్చేస్తే వాళ్లే చీకుతారు. అప్పటికి వంట మనిషి కూడా తినడానికి కూర్చోవాలి. బంగినపల్లి తెస్తే చెక్కు తీసి ముక్కలు కోసే మనిషి ఒకరు నిలబడే ఉండాలి. పండు ఎంపికలో కూడా ఆవిడ కూర్చునే సమయాన్ని లెక్కేసుకుంది. నేను ఇది ఆలస్యంగా గమనించాను, గమనించాక మిగతావన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయని అర్థమైంది.

మామిడి వెళ్లిపోతే ఏం పెడుతుందంటే, తొలకరి తర్వాత నేరేడు, చలికాలంలో జామ, సంక్రాంతి వేళ రేగుపళ్లు. ఏదీ లేనప్పుడు చక్కెరకేళి అరటి ఉండనే ఉంది, రావులపాలెం మార్కెట్టు ఉన్నంతకాలం ఈ ప్రాంతంలో అరటికి కరువు రాదు. పండు మారితే మూకుడు కూడా కాస్త మారుతుంది. అరటి, సీతాఫలం లాంటి ఉత్త తీపి పండైతే పులుపు పని టమాటా చెయ్యాలి, అందుకని ఇంకొకటి ఎక్కువ వేసి చివర్లో నిమ్మకాయ పిండుతుంది. జామ అయితే కొబ్బరిపాలు తగ్గిస్తుంది. ఎందుకని అడిగితే "అలా బాగుంటదండి" అంది. ఈ ఒక్కదానికి కారణం నాకూ దొరకలేదు కానీ తిని చూస్తే నిజమే. కార్తీకంలో ఆ మూకుడులోకి కోడి దిగదు. ఆ నెల్లాళ్లూ పుట్టగొడుగులు, బఠాణీలు దిగుతాయి. వేయించే పద్ధతి అదే, పుట్టగొడుగులు ఇంకా ఎక్కువ నీళ్లు వదులుతాయి గనక మూడు వాయిలు.

దీనికి మర్నాడు లేదు. పొద్దుటికి మాకరోనీ ఉన్న రసమంతా పీల్చేసి ఉబ్బిపోతుంది, మళ్లీ వేడిచేస్తే ముద్దవుతుంది. పులస మర్నాటికి రుచెక్కుతుంది, ఇది ఆ రాత్రికే. అందుకే కొలతలు నలుగురికి సరిగ్గా సరిపోయేట్టు ఉంటాయి, ఐదో మనిషి చెప్పకుండా వస్తే ఇబ్బందే. ఆ ఐదో మనిషిగా నేను వెళ్లినప్పుడు కూడా ఆవిడ మాకరోనీ పెంచలేదు. పెంచితే నీళ్ల లెక్క, మూకుడు వెడల్పు, అన్నీ మారాలి. ఇంకో రెండు మామిడికాయలు కోసి, పొద్దుటి అన్నం కొంచెం వేడిచేసి పెట్టింది.

నాకు ఒకే ఒక ఫిర్యాదు ఉంది. ఎముక లేని కోడి నాకు కోడి అనిపించదు. ఎముకలో ఉండే రుచి ఆ రసంలోకి దిగితే ఇంకెంత బాగుండునో అని అడక్కుండా ఉండలేకపోయాను. మూకుడు సింకులో పెట్టి నీళ్లు వదులుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"ఎముక ఉడకాలంటే ఇంకో అరగంట కావాలండి బావగారూ. అది కావాలంటే ఆదివారం రండి."